తారానగర్‌లో తాత తుపాకి

మొన్న సంక్రాంతి సెలవులకు మా చిన్నాయన వూరు తారానగర్ వెళ్ళివచ్చాను. పండుగకని పేరే గాని, నేను వెళ్ళింది ఒక అర్జీ వ్రాయడానికి. గుమాస్తా బంధువున్న కుటుంబాలలో యిది మామూలే. పెళ్ళికి పిలిచినా, తద్దినానికి పిలిచినా, భోజనం కాగానే యెవరో ఒకరు పాత కాగితాల సంచి తెచ్చి ముందు పెడతారు. చదివింది మెట్రిక్కే అయినా, తెలుగూ కన్నడమూ రెండూ వ్రాయడం వచ్చిన పాపానికి మా వంశానికంతకూ నేనే అర్జీలు వ్రాసేవాణ్ణి. యీసారి సంచిలో వున్నది పొలం కాగితం కాదు, పింఛను కాగితమూ కాదు. మా తాత తుపాకి లైసెన్సు పుస్తకం.

తారానగర్ పేరు మన సంఘ సభ్యులలో చాలామంది విని వుండరు. బళ్ళారి జిల్లా, సండూరు తాలూకాలోది. బళ్ళారిలో హుబ్బళ్ళి వైపు పోయే రైలెక్కి తోరణగల్లు స్టేషనులో దిగి, అక్కడ సండూరు బస్సు పట్టుకోవాలి. నా చిన్నతనంలో తోరణగల్లు చుట్టూ బయలు నేల. యిప్పుడు దిగగానే ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనబడతాయి. అక్కడనుండి దారంతా యినుపరాయి లారీలు. రోడ్డు యెర్రన, చెట్లు యెర్రన, చెట్టుమీది కాకి కూడా కాస్త యెర్రన. తెల్లపంచె కట్టుకొని బయలుదేరిన పెద్దమనిషి సండూరు చేరేసరికి కావిబట్ట కట్టిన సన్యాసి అవుతాడు. ఆ కొండలలో యినుమూ, మాంగనీసూ వుండబట్టి యీ వైభవం.

సండూరు అంటే నిజానికి ఒక లోయ. రెండువైపులా కొండల వరుసలు కోటగోడల మాదిరి నిలబడి వుంటాయి. నారిహళ్ళ అనే యేరు ఆ గోడను గండికొట్టుకొని బయటికి వచ్చి, దరోజి చెరువు చేరుతుంది. ఆ యేటికి కట్టిన ఆనకట్ట తారానగర్ దగ్గరే వుంది. చలికాలపు ప్రొద్దున కట్టమీద నిలబడితే నీళ్ళమీద పొగమంచు, దాని వెనుక నల్లగా కొండలు. లారీల సంగతి కాసేపు మరిచిపోవచ్చు. కొండమీద అడవి, కొండ కింద జొన్నచేలు, రెంటికీ నడుమ కంచె లేదు. అడవిపంది పగలు కొండలో పడుకుంటుంది, రాత్రి చేలో భోజనం చేస్తుంది. మా యింట్లోకి తుపాకి వచ్చిన కథకు మూలం యిదే.

యింకొక మాట కూడా చెప్పాలి. సండూరు పూర్వం ఘోర్పడే వంశపు రాజుల సంస్థానం. 1949 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. 1973లో మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. యిన్ని మార్పులలోనూ మా తాత గడప దాటి యెక్కడికీ పోలేదు; రాష్ట్రాలే ఆయన యింటిమీదుగా వచ్చి పోయాయి. లైసెన్సు పుస్తకం తిరగవేస్తే ఆ చరిత్రంతా ముద్రలలో కనబడుతుంది. మొదటి పుటలు ఇంగ్లీషు, మైసూరు ముద్ర. తర్వాతవి కన్నడం, కర్ణాటక ముద్ర. ప్రతి పుటలోనూ మా తాత సంతకం మాత్రం తెలుగే.

నేను చేరేసరికి మధ్యాహ్నం అయింది. చిన్నమ్మ జొన్నరొట్టె, గుత్తివంకాయ, శెనక్కాయల పొడి పెట్టింది. చెయ్యి కడుక్కొని వచ్చి కూర్చున్నానో లేదో, చిన్నాయన లోపలి గదిలోనుండి దుప్పటిలో చుట్టిన తుపాకి తెచ్చి మంచంమీద పెట్టాడు. విప్పగానే అవిసెనూనె వాసన వచ్చింది.

"డెబ్బై దాటినాయప్పా నాకు" అన్నాడు. "బెంగుళూరులో వుండేవాడు దీన్ని ముట్టనంటాడు. నా తర్వాత యిది యేమి కావాల? ఏదో ఒకటి తెగేటట్టు రాయి."

"రాసేది నా పని, చిన్నాయనా. యేమి రాయాలో నువ్వు చెప్పాల" అన్నాను.

"చెప్తాలే. ముందు దీని సంగతి యిను."

యిక్కడ నా మనసులోని మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ తుపాకిమీద నాకు చిన్నప్పటినుండి ఆశ వుంది. వేసవి సెలవులలో వెళ్ళినప్పుడు దూరంనుండి చూడనిచ్చేవారే గాని తాకనిచ్చేవారు కాదు. కొడుకు వద్దన్నాడు గనుక, అన్న కొడుకునైన నా పేరు చెబుతాడేమోనని దారిపొడుగునా లెక్కలు వేసుకుంటూనే వచ్చాను.

చిన్నాయన చెప్పిన కథ 1963 నాటిది. మూడేండ్లుగా పందులు పంట నాశనం చేస్తున్నాయి. డప్పులు కొట్టారు, కిరసనాయిలు డబ్బాలు వాయించారు, గట్లమీద మంటలు వేశారు, కుక్కలను పెంచారు. నాలుగు రోజులు జడిసి, అయిదవనాడు పందులు మళ్ళీ వచ్చేవి. అప్పటికి కొత్త ఆయుధాల చట్టం అమలుకు వచ్చి యేడాది కావస్తున్నది. అది 1959లో చేసిన చట్టం, 1962 అక్టోబరు 1నుండి అమలు. అందులో పదమూడవ సెక్షను రైతుకు దారి చూపింది. నిజంగా పంట కాపాడుకోవడానికి అడిగితే మూతిలోనుండి మందు కూరే తుపాకికి లైసెన్సు యివ్వాలి. అది చాలదని అధికారికి తోస్తే, కనీసం 20 అంగుళాల గొట్టంగల వేరే నున్నగొట్టం తుపాకికి యివ్వవచ్చు. తాత శెనక్కాయలు అమ్మి, ఖర్చులు పోను 250 రూపాయలు మూటగట్టుకొని బళ్ళారి వెళ్ళాడు. ఆ డబ్బులోనే తుపాకీ, తూటాలూ, రాకపోకలూ అన్నీ తెమలాలి.

అప్పటికి ఆయన ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది బర్మారు తుపాకి. గొట్టం మూతిలో మందు పోసి, గుడ్డపీచు కూరి, గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించి కాల్చేది. అన్నింటికంటే చవక. కాని చినుకు పడితే మందు అంటుకోదు. చీకట్లో మందు కొలత తప్పితే ప్రమాదం పందికి కాదు, కాల్చేవాడికే.

రెండవది ఇషాపూర్ కార్ఖానావారి .315 రైఫిలు. మందుగుండు పెట్టెలో అయిదు తూటాలు పడతాయి. దాని పుట్టుకలో ఒక తమాషా వుంది. సైన్యం వాడే .303 తూటాలు జనం చేతికి దొరకగూడదని తెల్లదొరల ప్రభుత్వం ఆ కొలతను నిషేధించింది. అందుచేత వేటగాళ్ళకోసం వేరే కొలత తుపాకులు తయారయ్యాయి; .315 అట్లాంటిదే. దాని వెల తాత మూటకు అందేది కాదు. పైగా రైఫిలు గుండు గురితప్పితే కిలోమీటర్ల దూరం పోతుంది. చుట్టూ చేలలో మంచెలమీద మనుషులు పడుకునే వూళ్ళో అది పనికిరాదు.

మూడవది చూసి మా తాత మనసు పారేసుకున్నాడట. అది మార్టినీ రైఫిలు. మీటకింద లివరు వుంటుంది. దాన్ని కిందికి లాగితే లోపల దిమ్మె దిగి తూటా దారి తెరుచుకుంటుంది, పైకి నొక్కితే మూసుకుంటుంది. ఒకసారికి ఒకటే తూటా. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న మార్టినీ-హెన్రీ యీ జాతిదే. సుమారు 31 గ్రాముల సీసపుగుండు పేల్చేది. గోడలాంటి గట్టితనం, నున్నటి కొయ్య, చెయ్యి వేస్తే వదలబుద్ధి కాదు. విచిత్రమేమిటంటే వెల మిగతావాటికన్నా తక్కువ చెప్పారట.

తాతకు తోడు వచ్చిన స్నేహితుడు పటాలంలో సుబేదారుగా చేసి విరమించినవాడు. ఆయన తాతను పక్కకు పిలిచి, "తుపాకి వెల చూడవద్దు, దాని తిండి వెల చూడు" అన్నాడట. ఆ పాత కొలత తూటాలు అంగడిలో దొరకడం యెప్పుడో నిలిచిపోయింది. తూటా లేని తుపాకి యినుపకర్ర. పైగా అది రైఫిలు గనుక రైతుకు చట్టం చూపిన సులువైన దారిలోకి రాదు. అందుకే దుకాణంవాడు చవకగా వదిలించుకోవాలని చూస్తున్నాడు. యీ మాట విన్నప్పుడు నాకు మా ఆఫీసు జ్ఞాపకం వచ్చింది. చవక అని కొన్న పాత యంత్రాలు విడిభాగాలు దొరకక మూలపడి వుండడం మేము చూస్తూనే వున్నాము గదా!

నాలుగవదే తాత కొన్నది: పన్నెండు బోరు, ఒంటిగొట్టం, పాతది. పన్నెండు బోరు అంటే యేమిటో నాకూ ఆనాడే తెలిసింది. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టమన్నమాట. సుమారు 18 మిల్లీమీటర్ల వ్యాసం. లోపల నున్నగా వుంటుంది, రైఫిలుకున్నట్టు మెలితిరిగిన గాళ్ళుండవు. ఒకే తుపాకిలో కౌజుకు చిన్న గుళ్ళు, పందికి పెద్ద గుళ్ళు మార్చి వాడుకోవచ్చు. తూటాలు అన్నిచోట్లా దొరుకుతాయి. అప్పట్లో ఇంగ్లండునుండి వచ్చిన ఏలీ తూటాలుండేవి. తర్వాత మన ఖడ్కీ కార్ఖానా శక్తిమాన్ తూటాలు వచ్చాయి. గుళ్ళు విడిపోతాయి గనుక చిన్నగుళ్ళు నలభై గజాలు దాటితే బలం చాలదు. చేలగట్లమీద యిది లోపం కాదు, మేలు.

జోడుగొట్టాలది తీసుకోమని చెప్పినవాళ్ళు లేకపోలేదు. దాని వెలా యెక్కువే. కాని తాత చెప్పిన కారణం వేరు. "రెండోది వుందిలే అనుకుంటే మొదటిది గాలికి పోతుంది" అన్నాడట.

పాత తుపాకి కొనేటప్పుడు సుబేదారుగారు చూపించిన పరీక్షలు చిన్నాయన వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. గొట్టాన్ని వెలుతురువైపు పెట్టి లోపల చూడాలి. తుప్పు గుంటలుంటే మచ్చలుగా కనబడతాయి, సొట్ట వుంటే నీడ వంకరపోతుంది. తుపాకి మూసి, చెవిదగ్గర పెట్టి వూపాలి; కీలు అరిగిపోతే కటకటమంటుంది. గుర్రం సగం యెత్తి నిలిపి, మీట గట్టిగా లాగినా పడగూడదు. అన్నింటికన్నా ముఖ్యం గొట్టంకింది ముద్రలు. యినుపకడ్డీలు మెలిపెట్టి అతికిన పాతకాలపు గొట్టాలు నల్లమందుకోసం చేసినవి. చూడ్డానికి చీర అంచులాగా చారలు అందంగా వుంటాయి, కాని కొత్త నైట్రో మందు బలానికి చీలిపోవచ్చు. మా తాత కొన్నదానికి బర్మింగ్‌హాం పరీక్షశాల ముద్రలూ, నైట్రో మందుకు పనికివస్తుందన్న ముద్రా వున్నాయి. చారల గొట్టంది యింకా చవకగా యిస్తామన్నా వద్దన్నాడట.

కొనడం ఒక యెత్తు, దాన్ని తనకు సరిపెట్టుకోవడం ఒక యెత్తు. తాత పొట్టివాడు. ఆ తుపాకి యెవరో ఆరడుగుల దొర కొలతకు చేసింది. భుజానికి యెత్తితే మడమ చంకలో తగులుకునేది. మడమను మోచేతి మడతలో ఆనించి, చూపుడువేలు మీటమీద సరిగా పడాలి, అదీ కొలత. వూరి వడ్రంగి చేత మడమ కొసన అంగుళంపైగా కోయించాడు. కోసినచోట చెప్పులు కుట్టే అతను మందపాటి యెద్దుతోలు రెండు పొరలు వేసి, నడుమ కొబ్బరిపీచు కూరి కుట్టాడు. పేలినప్పుడు తగిలే తన్ను సగం తగ్గిందట. తోలుపట్టీ కూడా ఆయన చేతిపనే.

తర్వాత గురి పరీక్ష. పాతపంచె ఒకటి గట్టుకు వేలాడదీసి, నడుమ బొగ్గుతో గుండ్రం గీసి, ముప్పై అడుగులేసి నిలబడి కాల్చాడు. గుళ్ళన్నీ గుండ్రానికి పైన పడ్డాయి. సుబేదారుగారికి కబురు పెడితే, చెంప ఆనించేచోటు యెత్తుగా వున్నదనీ, అందువల్ల కన్ను పైకి లేచి గుండు కూడా పైకి పోతున్నదనీ చెప్పి పంపాడు. వడ్రంగి అక్కడ గాజుపెంకుతో కొంచెం గీకడం, తాత మళ్ళీ కాల్చడం. యిట్లా మూడు తడవలకు గురి కుదిరింది. గీకిన కొయ్యకు అవిసెనూనె పట్టించారు. మూతిమీది గురిపూస యిత్తడిది, వెన్నెట్లో కనబడేది కాదు. కాల్చేముందు దానికి తడిసున్నం చుక్క పెట్టుకునేవాడు. కాగితపు తూటాలు వానకాలంలో చెమ్మకు వుబ్బి గొట్టంలో దూరవు గనుక, వాటిని రాగిపిండితోబాటు మూతగట్టి డబ్బాలో దాచేవాడు. యీ మరమ్మతులన్నిటికీ అయిన ఖర్చు తుపాకి వెలలో పదోవంతు కూడా కాదు.

ఒకాయన గొట్టం పొడుగుగా వున్నదనీ, కోయిస్తే మంచెమీద సులువనీ సలహా యిచ్చాడట. కొయ్య కోసుకోవడానికి అడ్డులేదు గాని, లైసెన్సు లేకుండా గొట్టం పొట్టి చేయడం ఆ చట్టంలోనే ఆరవ సెక్షను కింద నేరం. తాతకు సెక్షన్లు తెలియవు. "గొట్టం సర్కారుది, కొయ్య నాది" అని వూరుకున్నాడట.

యింతవరకు చెప్పి చిన్నాయన ఆగాడు. చిన్నమ్మ కాఫీ తెచ్చి పెట్టింది. చల్లారేదాకా తాగలేదు.

"అప్పుడు నాకు పన్నెండేండ్లు. లాంతరు పట్టుకొని మంచెమీద నాయన పక్కన కూర్చునేవాణ్ణి" అన్నాడు. "జొన్న పాలు పోసుకున్న కాలం. వెన్నెల లేదు. చేలో కరకరమని నమిలే చప్పుడు. నల్లగా ఆకారం కదిలింది. నాయన కాల్చినాడు. అరిచింది పంది కాదప్పా."

అది పక్కచేని కన్నడపు రైతు పెయ్యదూడ. పలుపు తెంపుకొని వచ్చి జొన్నలో పడింది. తెల్లవారి ఆ రైతు వచ్చాడు. కొట్లాడతాడని వూరివాళ్ళు మూగారు. ఆయన దూడ పక్కన కాసేపు కూర్చొని, లేచి తాత ముఖం చూసి, "హోగ్లి బిడి" అని వెళ్ళిపోయాడట. పోనీలెండి అని. తిట్టివుంటే బాగుండునని తాత చనిపోయేదాకా అనేవాడట. ఆ సాయంత్రమే మా యింటి పెయ్యను పలుపుతో సహా వాళ్ళ కొట్టంలో కట్టివచ్చాడు. రెండురోజులు అన్నం తినలేదు. మూడోనాడు కాలినడకన కుమారస్వామి కొండకు పోయి, తల గీయించుకొని వచ్చాడు.

ఆ తర్వాత తుపాకికి ఆఖరి మరమ్మతు జరిగింది. సండూరులో మూడు సెల్లుల టార్చిలైటు ఒకటి కొని, కంచరివాడి చేత యిత్తడి పట్టీ చేయించి, గొట్టంకింద బిగించాడు. యెడమచేతి బొటనవేలికి సరిగ్గా బొత్తాం అందేటట్టు అమర్చాడు. ఆనాటినుండి మా యింట్లో ఒక కట్టడి: ముందు వెలుగు, తర్వాత వేలు. వెలుగులో పంది ముట్టె స్పష్టంగా కనబడేదాకా గుర్రం యెత్తగూడదు. ఒకటే తూటా వున్న తుపాకికి తొందర పనికిరాదు. పేలిన తర్వాత వెనక్కు పిలిచేందుకు వుండదు.

"తమాషా యేమంటే, వెలుగు పడగానే సగం పందులు లేచి పరుగెత్తేవి. కాల్చే పనే వుండేది కాదు" అన్నాడు చిన్నాయన.

నేను గుమాస్తాను గనుక పుస్తకంలో తూటాలు కొన్న పుట తీసి చూశాను. మొదటి యేడు 25 తూటాలు. మరుసటి యేడు 25. ఆ పైన అయిదు, అయిదు, మళ్ళీ రెండేండ్లకు అయిదు. ఆఖరిసారి కొన్నది 1989లో. దూడ చనిపోయిన యేడు చిన్నాయన చెప్పనక్కరలేకుండానే ఆ అంకెలలో కనబడింది.

కాలం కూడా మారింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు వేట కూడా ముగిసింది. పంట పాడుచేసే జంతువునైనా అధికారి వ్రాతపూర్వకమైన ఉత్తరువు లేనిదే కాల్చరాదు. తుపాకి యింట్లో వున్నదన్న మాటే గాని, యెన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. మా చిన్నమ్మకు యెన్నికలు వచ్చిన సంగతి వార్తలవల్ల కాదు, తుపాకి ప్రయాణంవల్ల తెలిసేదట. అదే నారిహళ్ళ నీళ్ళు చేరే దరోజి ప్రాంతంలో 1994లో యెలుగుబంట్లకు అభయారణ్యం వెలిసింది. సండూరు రాజకుటుంబంలో పుట్టి, కర్ణాటకలో ఆర్థికమంత్రిగా పనిచేసిన ఎం.వై. ఘోర్పడేగారు అడవిమృగాల వెంట తిరిగింది కెమెరాతో. ఆయన ఛాయాచిత్రాల పుస్తకం 'సన్‌లైట్ అండ్ షాడోస్' 1983లో వెలువడింది. ఆయన 2011లో కాలధర్మం చెందారు. గురి, వోపిక, గాలివాలు, నిశ్శబ్దం, అన్నీ వేటగాడివే. చివర నొక్కేది మాత్రం వేరు.

యిక అర్జీ సంగతి. 2016 ఆయుధాల నియమాలలో వారసులకు ఒక వీలుంది. లైసెన్సుదారు చనిపోయాకనే కాదు, ఆయనకు డెబ్బైయేండ్లు నిండినా, తుపాకి పాతికేండ్లు తన దగ్గర వుంచుకున్నా, బ్రతికి వుండగానే వారసుని పేరు సూచించవచ్చు. వద్దనుకుంటే లైసెన్సు వున్నవారికి చట్టప్రకారం అమ్మవచ్చు, లేదా సర్కారుకు అప్పగించవచ్చు. యీ మూడూ చిన్నాయనకు విప్పి చెప్పాను. వారసుడు అన్న మాట దగ్గర నా గొంతు కాస్త మారిందేమో. ఆయన నా ముఖం చూసి నవ్వాడు.

"నీకు కావాలనా? యెత్తు చూద్దాం" అని, గొట్టం తెరిచి, ఖాళీగా వున్నదని నాకు చూపించి, చేతికిచ్చాడు.

నలభైయేండ్ల ఆశ. లేచి గోడవైపు తిరిగి భుజానికి యెత్తాను. నేను మా అమ్మవైపు పొడుగు. మడమ పొట్టి అయి, నా బొటనవేలు వచ్చి ముక్కుకు తగిలింది. చెంప ఆనించేచోటు పల్లమై, కన్ను గురిపూసకు అందలేదు. ఆ కొయ్యను మా తాత చేతికి తగ్గట్టు కోశారు, ఆయన చెంపకు తగ్గట్టు గీకారు. అది నాకు సరిపోదు.

"కోసింది మళ్ళీ అతకదు" అన్నాడు చిన్నాయన. "పోనీ, కొత్త కొయ్య వేయిద్దాం. యేమి కొట్టేదానికి?"

నా దగ్గర జవాబు లేదు. లైసెన్సుకు అర్జీ పెడితే ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

"నాయన నాకు నేర్పినాడు. నేను నా కొడుక్కు నేర్పలేదు, నేర్పే అవసరమూ రాలేదు. నేర్పని పనిముట్టు చేతికియ్యగూడదప్పా. అప్పగిస్తున్నానని రాయి" అన్నాడు.

ఆ సాయంత్రం కన్నడంలో అర్జీ వ్రాశాను. జిల్లా మేజిస్ట్రేటుగారి సముఖానికి, తుపాకి నంబరు, బోరు, గొట్టం పొడుగు, లైసెన్సు నంబరు, మిగిలిన తూటాల లెక్క, వయసు మీద పడినందున స్వచ్ఛందంగా అప్పగిస్తున్న సంగతి. మొత్తం ఒకటిన్నర పుట. సంతకం చేసేముందు చిన్నాయన, "టార్చి కూడా యియ్యాల్నా?" అని అడిగాడు. లైసెన్సులో టార్చి వూసు లేదన్నాను. లోపలికి పోయి మర తిప్పే పనిముట్టు తెచ్చుకొని, నిదానంగా యిత్తడిపట్టీ విప్పాడు. అరవైయేండ్లు అది అంటుకొని వున్నచోట గొట్టం రంగు వేరుగా, నల్లగా మెరుస్తున్నది. అప్పుడు సంతకం చేశాడు, తాత మాదిరే తెలుగులో.

రాత్రి భోజనాలయ్యాక ఆయనతో చేనికి వెళ్ళాను. కొండలమీద గనుల దీపాలు, యిటు తోరణగల్లు వైపు ఆకాశమంతా యెర్రటి కాంతి. నడుమ మా జొన్నచేను మాత్రం చీకటిగా వుంది. గట్టు మలుపులో యేదో గలగలమంది. నేను ఆగిపోయాను. చిన్నాయన టార్చి వేశాడు. పక్కచేని యెనుము, మెడలో తెగిన పలుపుతో, మావైపు చూస్తూ నిలబడి వుంది. ఆయన దగ్గరకు పోయి పలుపు అందుకొని, "రా, నిన్ను మీ కొట్టంలో కట్టేస్తా" అని దాన్ని నడిపించుకుంటూ పోయాడు. నేను వెనకాల టార్చి పట్టుకొని నడిచాను.

మన పాఠకుల యిండ్లలో కూడా అటకలమీద తాతలనాటి తుపాకులుండవచ్చు. వాటికి యేదో ఒక దారి పెద్దవాళ్ళు బ్రతికి వుండగానే చూడండి. వాళ్ళు పోయాక లైసెన్సు లేని తుపాకి యింట్లో వుండడం పిల్లలకు చిక్కు. కాగితాలు విప్పిన రోజున కాస్త తీరిక చేసుకొని, దాని సంగతి వాళ్ళ నోటనే వినండి. మా చిన్నాయన అది చెప్పడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. అర్జీ వ్రాయడానికి నాకు అరగంట పట్టింది.